కుదుపులో కుదురు

విశాఖపట్నంలో నిశ్చలతకు ఉదాహరణ చూపించమంటే ఎవరి చెయ్యైనా డాల్ఫిన్స్ నోస్ వైపే లేస్తుంది. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన ఆ కొండ ఎన్ని అలలు కొట్టినా చలించదు. 1933లో మొదలైన ఓడరేవు దాని చాటునే నడుస్తోంది. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ కూడా మనిషి ఉండవలసిన తీరును అలలు తాకి చల్లబడిపోయే ఇటువంటి కొండకొమ్ముతోనే పోల్చాడు. మన వాడుకలోనూ సుఖదుఃఖాలను సమంగా చూసేవాడంటే ఉలకనివాడు, పలకనివాడు అనే అర్థం పాతుకుపోయింది. చావింట్లో కంటతడి పెట్టనివాణ్ణి జ్ఞాని అంటాం, తిట్టినా ముఖం మారనివాణ్ణి స్థితప్రజ్ఞుడంటాం. ఈ పోలికలో ఒక లోపం ఉంది. కొండకు ఎక్కడికీ వెళ్లే పని లేదు, మనిషికి ఉంది. బరువు మోసుకుంటూ గతుకుల దారిలో వేళకు ఒక చోటికి చేరవలసినవాడికి కదలకపోవడం ఆదర్శం ఎలా అవుతుంది? సమత్వమంటే ఏమిటో తేల్చుకోవాలంటే కొండను కాసేపు పక్కనపెట్టి, గాజువాక దగ్గరి ఆటోనగర్‌లో జాకీ మీదికి లేపిన పికప్ బండి కిందికి తొంగిచూడటం మేలని నా వాదన.

పాడేరు, లంబసింగి, అరకు ఘాట్లలోనూ ఆ పైనున్న మట్టిదారుల్లోనూ తిరిగే పికప్పులకు కంపెనీ ఇచ్చిన సస్పెన్షన్ తీయించి, బయట దొరికే కమాను పట్టీలు, కొత్త షాకబ్జార్బర్లు వేయించుకునేవాళ్లు ఉన్నారు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌నే చూడండి. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసుకు కమాను కట్టలు. పికప్పుల వెనక పట్టీలను సరుకు మోయడానికి లెక్కగట్టి పెడతారు. అందుకే తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు అవి సరిగా వంగవు, చిన్న గతుక్కే వెనకభాగం ఎగిరిపడుతుంది. నాలుగు బస్తాలు వేస్తే అదే బండి కుదురుగా పోతుంది. నిండుకుండ తొణకదన్నది బండికీ వర్తిస్తుంది. సస్పెన్షన్ అంటే కూర్చున్నవాడి నడుము నొప్పి తగ్గించే ఏర్పాటని చాలామంది అనుకుంటారు. సుఖం దాని రెండో పని. మొదటి పని టైరును నేలకు అంటిపెట్టుకుని ఉండేలా చూడటం. గాలిలోకి లేచిన టైరుకు బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. అది స్టీరింగు మాట వినదు, ఇంజను బలాన్ని నేలకు అందించదు. బిర్రబిగుసుకున్న బండి గతుకును జయించినట్టు పైకి కనిపిస్తుంది కాని, నిజానికి ఆ క్షణంలో అది నేలను పోగొట్టుకుంటుంది. సమత్వం విషయంలోనూ నేను చెప్పదలచింది ఇదే. అది లోకంతో స్పర్శ తగ్గించుకోవడం కాదు, ఎంత ఎగుడుదిగుడులోనైనా ఆ స్పర్శ తెగిపోకుండా కాపాడుకోవడం.

ఈ మాట శాస్త్రాలకు ఎదురు వెళ్లేదేమీ కాదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది, ఆత్మను అందులో కూర్చున్న రథి అంది. బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి తిరిగే దారులు. ఆ పోలికకున్న దిగులంతా అదుపు గురించి, గుర్రాలు ఎటు లాక్కుపోతాయోనని. దారికీ రథానికీ మధ్య ఏం జరుగుతుందన్న ప్రశ్న అక్కడ లేదు. ఆ ప్రశ్నను గీత రెండో అధ్యాయం ఎత్తుకుంది. ఇంద్రియాలు విషయాలను తాకినప్పుడు చలీ వేడీ, సుఖమూ దుఃఖమూ పుడతాయి, అవి వచ్చిపోయేవి, ఓర్చుకో అంటుంది. ఓర్చుకొమ్మంది కాని తాకవద్దనలేదు. పైగా ఆ మాట చెప్పింది అడవిలో తపసికి కాదు, విల్లు జారవిడిచి తప్పుకుంటానన్న యోధుడికి. సమత్వాన్ని యోగమని చెప్పిన ఆ అధ్యాయమే రెండు శ్లోకాల తరవాత యోగాన్ని పనిలో నేర్పు అంటుంది. అంటే అక్కడ సమత్వం పనికి సెలవు కాదు, పనికి అర్హత. బౌద్ధం ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండల మీద విహారాలు కట్టుకున్న ఆ మతంలో నాలుగు బ్రహ్మవిహారాల్లో చివరిది ఉపేక్ష. దానికి ఇద్దరు శత్రువులున్నారని అయిదో శతాబ్దపు బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో వివరించాడు. దూరపు శత్రువు రాగద్వేషాలు. పక్కనే పొంచి ఉన్న శత్రువు, చూడటానికి అచ్చం ఉపేక్షలాగే ఉండే తెలివితక్కువ నిర్లక్ష్యం. తెలుగులో ఏం జరిగిందో చూడండి. ఉపేక్షించడమంటే మనకిప్పుడు పట్టించుకోకపోవడమే. పక్క శత్రువు గెలిచి మాటనే ఆక్రమించుకున్నాడు.

అయితే కుదుపును తీసుకోవడమంటే ఏమిటి? ఇక్కడ స్ప్రింగుకూ షాకబ్జార్బరుకూ ఉన్న తేడా అర్థం చేసుకోవాలి. స్ప్రింగు దెబ్బను అరిగించుకోదు, దాచుకుంటుంది. వంగినప్పుడు ఎంత శక్తి తీసుకుందో దాదాపు అంతా విడిచేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. ఒట్టి స్ప్రింగుల మీద నిలబెట్టిన బండి ఒక్క గుంతకు పది సార్లు ఊగుతుంది. ఆ ఊపును ఖర్చు చేసేది షాకబ్జార్బర్. దాని గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, దారి ఇరుకు. ఆ ఇరుకులోంచి నూనె తోసుకుపోతున్నప్పుడు కదలిక వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మనుషుల్లో చాలామంది ఓర్పు ఒట్టి స్ప్రింగు ఓర్పు. ఆఫీసులో పడ్డ మాట నోరెత్తకుండా పడతారు, సాయంత్రం ఇంట్లో పిల్లవాడి మీద తీర్చుకుంటారు. అత్త దగ్గర పడ్డది కోడలి మీద వడ్డీతో తిరిగి వస్తుంది. అది సహనం కాదు, బట్వాడా. క్షమ అంటే వచ్చిన దెబ్బ తనతో ఆగిపోవడం. దానికి ఖర్చుంది. ఎడతెగని రాళ్లదారిలో షాకబ్జార్బర్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, నూనె పలచబడి నురగెత్తి పట్టు తప్పుతుంది. అందుకే అలాంటి దారుల కోసం లావు గొట్టాలవి, పక్కన వేరే నూనె డబ్బా ఉన్నవి అమ్ముతారు. వాటికీ ఒక హద్దుంది. ఎంతటి సహనశీలికైనా బండి పక్కకు తీసి ఆపుకోవలసిన వేళ వస్తుంది. తపస్సు అన్న మాటకు మూలార్థం వేడి. ఓర్పు ఊరికే వస్తుందనుకునేవాళ్లు ఆ మాటను మరిచినట్టే.

గట్టితనం గురించీ ఒక మాట చెప్పుకోవాలి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రోడ్డెక్కి, ప్రాణాలు పోగొట్టుకుని కర్మాగారం సాధించుకున్న జాతికి ఉక్కు మనిషి అంటే వంగనివాడు. ఉక్కు పనివాళ్లకు తెలిసిన సంగతి వేరు. కమాను పట్టీకి వాడే ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే చాలా గట్టిపడుతుంది. ఆ స్థితిలోనే వదిలేస్తే పెళుసుగా ఉండి, దెబ్బ తగిలితే విరుగుతుంది. దాన్ని మళ్లీ తక్కువ వేడికి కాచి, కొంత గట్టితనం పోనిచ్చి, వంగి తిరిగి నిలిచే గుణం తెప్పిస్తారు. మొదటి వేడి గట్టిపరుస్తుంది, రెండో వేడి పనికి వచ్చేలా చేస్తుంది. కష్టాలు చూసి రాటుదేలానని చెప్పుకునేవాడు తరచుగా మొదటి వేడి దగ్గరే ఆగిపోయినవాడు.

పుట్టుకతో వచ్చిన స్వభావం మారదు, ఇదంతా వృథా ప్రయాస అని కొందరంటారు. బండికి కంపెనీ సస్పెన్షన్ మారుతున్నట్టే అభ్యాసంతో స్వభావమూ కొంత మారుతుంది. గీత ఆరో అధ్యాయం చంచలమైన మనసుకు చూపిన దారి కూడా అభ్యాస వైరాగ్యాలే. కాకపోతే మార్పు ఎలా చేయాలో అమర్చే పద్ధతి నేర్పుతుంది. కమాను కట్ట చివర్ల రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. కిందికి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. గాలిలో బిగిస్తే బండి నేల తాకగానే రబ్బరు మెలిపడి, అదే మెలికలో ఉండి త్వరగా చిరిగిపోతుంది. బరువు లేని చోట, ధ్యాన శిబిరంలోనో తీర్థయాత్రలోనో బిగించుకున్న నిశ్చయాలు ఇంటికొచ్చిన వారానికే ఎందుకు చిరుగుతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. అలాగే ఎత్తు పెంచాలన్న ఆశకూ వెల ఉంది. రెండంగుళాలు లేపితే గరుకు దారిలో అడుగు తగలదు నిజమే, కాని బరువు కేంద్రం పైకి పోయి మలుపులో ఒరిగే గుణం పెరుగుతుంది. కొన్ని పికప్పుల్లో వెనక బ్రేకు బలాన్ని నిర్ణయించే వాల్వు బండి ఎంత కుంగిందో చూసి బరువు అంచనా వేస్తుంది. బండిని లేపి దాన్ని సరిచేయకపోతే నిండు తొట్టిని కూడా ఖాళీ అనుకుని బ్రేకు తగ్గించేస్తుంది. తనను తాను పైకెత్తుకున్నవాడు తన బరువును తానే తప్పుగా చదవడం మనుషుల్లోనూ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చే మార్పులను ఊరికే నిషేధించలేదు. ఆ దారిలో ఎదురొచ్చేవాళ్లూ ఉన్నారు.

ఇనుప సామానుకూ మనసుకూ పోలికేమిటి, యంత్రంతో ధర్మం రుజువవుతుందా అనే ఆక్షేపణ న్యాయమైనదే. పోలిక రుజువు కాదు. కొండ పోలికా రుజువు కాదు. కాని ఏ పోలికను మనసులో పెట్టుకుంటే అలాగే బతకడానికి ప్రయత్నిస్తాం కాబట్టి, ఏది మన స్థితికి దగ్గరో ఎంచుకోవడం చిన్న విషయం కాదు. ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది. ఓర్చుకొమ్మనే బోధ ఎప్పుడూ కుదుపులు తినేవాళ్లకే చేస్తారని, గుంతలు పూడ్చవలసినవాళ్లకు అది సాకు అవుతుందని. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి కొండలు దించడం ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. ఆ డోలీకి కమాను పట్టీలు మోసేవాళ్ల భుజాలు, షాకబ్జార్బర్లు వాళ్ల మోకాళ్లు. రాయి మీద కాలు జారినా ఆ కుదుపు లోపలున్న తల్లికి చేరకుండా వాళ్లు తమలోనే ఆపుకుంటారు. సమత్వానికి ఇంతకంటే గొప్ప రూపం నాకు తోచడం లేదు. వాళ్లను మెచ్చుకుని రోడ్డు మరిచిపోతే మాత్రం అది బుద్ధఘోషుడు హెచ్చరించిన పక్క శత్రువే. సహనం ఎవరికి వారు తమను అడగవలసింది. ఎదుటివాణ్ణి అడిగితే అది దౌర్జన్యం. మంచి షాకబ్జార్బర్ ఉండటం గుంతకు సమర్థన కాదు. నేలను వదలని టైరుకే గుంత ఎక్కడుందో, ఎంత లోతో తెలుస్తుంది. పైనుంచి ఎగిరిపోయేవాడికి తెలియదు.

పాత షాకబ్జార్బర్ పనికొస్తుందో లేదో చూడటానికి మెకానిక్‌లు బండి మూల మీద బరువంతా వేసి నొక్కి వదులుతారు. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిది, ఊగుతూనే ఉంటే మార్చాలి. బండి అసలు కదిలిందా అని వాళ్లు చూడరు. కదలాలి, కదలకపోతే ఏదో పట్టేసిందని అర్థం. మనలో ఎవరికి సమత్వం ఉందో లేదో తేల్చడానికీ ఈ పరీక్ష చాలు. దుఃఖం వచ్చినప్పుడు కదిలామా అని సిగ్గుపడనక్కర్లేదు. ఎన్నిసార్లు ఊగామో, ఆ ఊపు ఎవరికి తగిలిందో లెక్క చూసుకుంటే సరిపోతుంది.