వివాహమందు బొంకవచ్చునా?

పెండ్లిసంబంధము విచారింప వచ్చిన కన్యాదాత పొరుగింటివానిని, "అబ్బాయి ఎట్టివాడండీ?" అని అడుగును. అబ్బాయికి త్రాగుడు వ్యసనము కలదనియు, రాత్రులందు కన్నతల్లిపైననే చేయి చేసికొనుచుండుననియు పొరుగువాడెరుగును. చెప్పినచో చిరకాలస్నేహము చెడును. చెప్పకున్న ఒక ఆడుబిడ్డ ఏమియు తెలియక ఆ యింట కాలు మోపును. ఇట్టి సమయమున మనవారు తడుముకొనక చెప్పు మాట యొకటి కలదు: వెయ్యి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్నారు గదా! కొంచెము చదువుకొన్నవారైనచో పోతన భాగవతములోని అష్టమస్కంధపద్యమును గూడ సాక్ష్యమునకు పిలుతురు.

ఆ పద్యము చెప్పినదెవరు? శుక్రాచార్యుడు. ఎవరితో? వామనునకు మూడడుగుల నేల నిత్తునని మాట యిచ్చిన బలిచక్రవర్తితో. వివాహాదులందును, ప్రాణమానవిత్తములకు భంగము కలుగు వేళలందును బొంకిన దోషము లేదని గురువు బోధించెను. బలి దాని నంగీకరింపలేదు; సర్వస్వము పోయినను మాట తప్పననెను. మనము గురువు పద్యమును కంఠస్థము చేసికొని శిష్యుని సమాధానమును మరచితిమి!

ఇంతమాత్రమున పూర్వపక్షము నిరస్తము కాదు. భారతమున కర్ణపర్వములో సాక్షాత్తు శ్రీకృష్ణుడే, ప్రాణాపాయమునను వివాహమునను అనృతము పలుకవచ్చునని అర్జునునకు చెప్పెను. దీనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. కాని అక్కడనే కౌశికుని కథయు కలదు. సత్యవ్రతుడైన ఆ విప్రుడు, దొంగలకు వెరచి అడవిలో దాగినవారి జాడను ఆ దొంగలడుగగా ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావునకు కారకుడై నరకమునకు పోయెను. అట్టిచోట మాటాడకుండుటచే గడచిపోవునేని మాటాడరాదు. మౌనమే శంకకు తావిచ్చునేని అప్పుడు అసత్యము మేలు. ఇది భగవానుడు చూపిన క్రమము. ఆ అసత్యము కాపాడునది నిరపరాధులను. మరి పెండ్లివిచారణలో నిరపరాధి ఎవరు? అడుగ వచ్చినవాని కూతురే. ఇచట బొంకినవాడు కౌశికునివలె కాకుంటినని సంతోషించుచు కౌశికుడు చేసిన పనినే చేయుచున్నాడు.

అపవాదము తనకు విషయమైన చోటనే ఉత్సర్గమును బాధించును. వివాహానృతమునకు హద్దెంతయో ధర్మశాస్త్రమే తెలుపుచున్నది. కన్యయందలి దోషమును చెప్పక దానము చేసినవానికి 96 పణముల దండన విధింపుమని మనుస్మృతి యెనిమిదవ అధ్యాయము. యాజ్ఞవల్క్యుడు ఇంకను కఠినుడు, ఉత్తమసాహసదండమునే చెప్పెను. కన్యను గూర్చిన ఈ న్యాయము వరుని కేల వర్తింపదు? 1955 నాటి హిందూ వివాహచట్టము 12వ సెక్షను సైతము, 1976 సవరణ తరువాత, ముఖ్యవిషయమును దాచి మోసముచే సమ్మతి పొందిన వివాహమును రద్దు చేయించుకొనవచ్చునన్నది. దాచుటయే దండనార్హమైనచోట బొంకుట నిర్దోషమెట్లగును? వియ్యాలవారి పరిహాసములు, విందులోని అతిశయోక్తులు ఇట్టివే ఆ అనుమతికి విషయములని నా తలంపు.

అట్లని అడుగనివారికెల్ల చాటుట పైశున్యము. చెవిని బడిన వదంతిని గాక, కన్నులార చూచినదానిని, అడిగినవానికి మాత్రమే చెప్పవలెను. అంతకుముందే వరుని తండ్రిని చేరి, "మీరే చెప్పుడు, నన్నడిగినచో నేను దాచను" అని చెప్పుట ఇంకను మేలు. అటుపిమ్మట అతడు మన గడప త్రొక్కకపోవచ్చును. పండుగనాడు ఆ యింటినుండి పిలుపు రాకపోవచ్చును. ఆ నష్టము మనది; ఆ బిడ్డది కాదు.