యశోద ఒడిలోంచి దించిన క్షణం

భాగవతం దశమ స్కంధంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడు వచ్చి కవ్వం పట్టుకుంటాడు. ఆమె పని ఆపి, ఒళ్లోకి తీసుకుని పాలిస్తూ ఆ నవ్వుముఖాన్నే చూస్తుంటుంది. అంతలో పొయ్యిమీద పాలు పొంగుతాయి. బిడ్డకు ఇంకా కడుపు నిండలేదు. అయినా దించేసి పరుగెడుతుంది. పెరుగు కుండ పగిలిందీ, వెన్న కోతుల పాలయిందీ ఆ తర్వాతే. కృష్ణుడి అల్లరిగా మనం చెప్పుకునే ఈ కథలో నన్ను పట్టి ఆపేది ఆ దించేసిన క్షణం.

తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తాళ్లపాక వంశీకులు స్వామికి లాలి పాడతారు. దేవుణ్ణి బిడ్డగా లాలించడం మనకు తెలుసు. కన్నబిడ్డ దగ్గర అంత శ్రద్ధగా కూర్చోవడమే తప్పిపోతోంది.

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలు తాగేటప్పుడు అమ్మ ముఖం ఉండేదీ దాదాపు అక్కడే. ఆ ముఖం పలకకపోతే ఏమవుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్, సహచరులతో కలిసి 1978లో ప్రచురించిన ప్రయోగంలో చూపించారు. ఆడిస్తున్న తల్లి కాసేపు ఏ భావమూ లేకుండా చూస్తూ ఉండిపోతే, నెలల పిల్లలు ముందు నవ్వి పిలిచారు, తర్వాత ముఖం తిప్పేసుకున్నారు. ఫోను చూస్తూ పాలసీసా పట్టే ప్రతి ఇంటికీ ఇది తెలియాలి.

నిద్ర చాలని బాలింతమీద ఇంకో బరువు పెట్టాలని కాదు. ఎంత దగ్గరైన తల్లీబిడ్డల మధ్యనైనా శ్రుతి తరచూ తప్పుతుందనీ, మళ్లీ కలుపుకోవడంలోనే నమ్మకం బలపడుతుందనీ ట్రోనిక్ కూడా అన్నారు. యశోదా తిరిగొచ్చింది. వెంటపడి పట్టుకుంది. కట్టబోతే తాడు ప్రతిసారీ రెండంగుళాలు తక్కువైంది. చెమట పట్టి, కొప్పులో పూలు జారిన తల్లి అలసట చూసి కృష్ణుడే కట్టుబడ్డాడు. మనం చూస్తున్న బిడ్డ మననీ చూస్తూనే ఉంటుంది.

కాళ్లమీద పడుకోబెట్టుకుని లాల పోసే అమ్మమ్మలది ఎంత గొప్ప సాధన! చేతులు నూనె రాస్తుంటాయి, చూపూ మాటా బిడ్డమీదే ఉంటాయి. తండ్రులూ ఇది నేర్చుకోవాలి. బిడ్డ ‘ఉంగా’ అంటే మీరూ అనండి, తిరిగి పలకడానికి కాస్త వ్యవధి ఇవ్వండి. చూసి చూసి అలసిపోతే తల పక్కకు తిప్పుకుంటుంది. అప్పుడు గిలక్కాయ ఊపి పిలవకండి. తనంతట తాను ఇటు తిరిగేదాకా అక్కడే ఉండండి.