కోపం పోయాకే క్షమించాలా? జైల్లో కట్టిన ఒక రాఖీ కథ



ఈ వారం వీడియోలో గీత రెండో అధ్యాయంలో కోపం గురించి కృష్ణపరమాత్మ చెప్పిన మెట్లు చూశాం కదా. ఒకదాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే దాని మీద సంగం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి మోహం, ఆ తర్వాత స్మృతి చెదరడం, చివరికి బుద్ధి నాశనం. మనిషి ఎలా జారిపోతాడో రెండే రెండు శ్లోకాల్లో ఉంది.

మరి ఆల్రెడీ జారిపోయినవాడి సంగతేంటి? మనకి నిజంగానే అన్యాయం జరిగింది, కోపం వచ్చేసింది, ఏళ్లు గడిచినా పోవడం లేదు. "క్షమించేయ్" అంటారు అందరూ. లోపల ఇంత మంట పెట్టుకుని ఎలా క్షమిస్తాం? అలా క్షమించినట్టు ఉంటే అది నటన కాదా? నన్ను చాలా కాలం పట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి ఒక జవాబు నాకు మన దేశంలోనే, ఒక కాథలిక్ కుటుంబం కథలో దొరికింది. వీడియోలో టైమ్ సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సిస్టర్ రాణి మరియది కేరళలోని పుల్లువళి. ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభలో మఠకన్య. 1992 నుంచి మధ్యప్రదేశ్‌లో దేవాస్ జిల్లా ఉదయ్‌నగర్‌లో పనిచేసేవారు. భూమి లేని కూలీలు, ఆదివాసీలు వడ్డీ వ్యాపారుల అప్పుల్లోంచి బయటపడేలా వాళ్లని కూడగట్టేవారు. అది అక్కడి పెద్దలకి నచ్చలేదు. 1995 ఫిబ్రవరి 25న ఆవిడ ఇండోర్‌కి బస్సులో వెళ్తుంటే సముందర్ సింగ్ అనే యువకుడు కత్తితో పొడిచి చంపేశాడు. వేరేవాళ్ల ప్రోద్బలంతో చేశాడు. ఒంటి మీద 50కి పైగా గాయాలు. అప్పటికి ఆవిడ వయసు 41.

సముందర్ సింగ్‌కి యావజ్జీవ శిక్ష పడింది. జైల్లో అతనికీ కోపమే. తనని ఈ పనికి ఎగదోసినవాళ్లని బయటికొచ్చాక చంపాలని అనుకున్నాడట. అలాంటి మనిషి దగ్గరికి స్వామి సదానంద్ వెళ్లడం మొదలుపెట్టారు. పేరు విని ఏ ఆశ్రమం స్వామీజీయో అనుకోకండి, ఆయన కాథలిక్ ఫాదర్. కాషాయం కట్టుకుని సన్యాసిలా బతికేవారు. ఆయనే రాణి మరియ చెల్లెలు సెల్మీ పాల్ జైలుకి వెళ్లడానికి దారి వేశారు. సెల్మీ కూడా అక్క ఉన్న సభలోనే సిస్టర్.

2002, రక్షాబంధన్. అక్కని చంపిన చేతికి ఆ చెల్లెలు రాఖీ కట్టింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రాఖీ వాళ్ల చర్చి ఆచారం కాదు, మన ఇళ్లలో పండగ. క్షమాపణ అన్నది ఆ జైల్లో ఉన్న మనిషికి సందేహం లేకుండా అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆవిడ ఆ దారం ఎంచుకుంది. "నువ్వు నాకు అన్నవి" అన్న మాటని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్తాం? ఆ తర్వాత అతన్ని విడుదల చేయమని ఆ కుటుంబమే అర్జీ పెట్టింది. 2006లో విడుదలయ్యాడు. కేరళ వెళ్లి ఆ తల్లిదండ్రుల్ని కలిసి క్షమాపణ అడిగాడు. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో రాణి మరియని 'ధన్యురాలు'గా ప్రకటించారు. పునీతురాలు అనే స్థానానికి అది ముందు మెట్టు. ఆ సభకి సముందర్ సింగ్ కూడా వచ్చాడు.

వీళ్లకి ఇది ఎలా సాధ్యమైంది? "మంచి మనసు" అనేసి వదిలేయొచ్చు. కానీ వాళ్ల సాధన ఏంటో చూస్తే మనకి పనికొచ్చేది ఒకటి కనిపిస్తుంది. కాథలిక్కులు రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థనలో తమ తప్పుల్ని మన్నించమని దేవుణ్ణి అడుగుతారు. ఆ అడగడంలోనే ఒక షరతు ఉంది: తమ పట్ల తప్పు చేసినవాళ్లని తాము మన్నించినట్టే తమనీ మన్నించమంటారు. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే ఏసు చెప్పింది ఏడు డెబ్బైల సార్లు, అంటే లెక్కపెట్టొద్దనే. దివ్యపూజలో ప్రసాదం తీసుకునే ముందు పక్కవాళ్లకి శాంతి చెప్పుకుంటారు. మన దేశంలో దాన్ని చేతులు జోడించి, మన నమస్కారం లాగే చేస్తారు. ఇవన్నీ మూడ్ ఉన్నా లేకపోయినా చేసేవే.

ఇంకో మాట నన్ను ఆపేసింది. గాయం గుర్తు రాకుండా చేసుకోవడం, నొప్పి తెలియకుండా ఉండటం మన చేతిలో లేదని వాళ్ల ధర్మోపదేశ గ్రంథమే ఒప్పుకుంటుంది. మన చేతిలో ఉన్నది ఆ గాయాన్ని దేవుడి ముందు పెట్టడం, గాయం చేసినవాడి కోసం ప్రార్థించడం. అంటే క్షమించడం అనేది ఒక ఫీలింగ్ కాదండీ, చేసే పని. కోపం ఉండగానే మొదలుపెట్టొచ్చు. హత్యకి, రాఖీకి మధ్య 7 ఏళ్లు ఉన్నాయి. శాంతి ఒక్క రాత్రిలో వచ్చేది కాదని ఆ లెక్కే చెప్తోంది.

"మరి న్యాయం సంగతి?" అని అడుగుతారు. అడగాల్సిందే. చనిపోయినవాళ్ల తరఫున మనం క్షమించేస్తే వాళ్లకి ద్రోహం కాదా? ఇది చిన్న ప్రశ్న కాదు. ఇక్కడ శిక్ష పడింది, ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు, తర్వాతే రాఖీ వచ్చింది. కోర్టు పని కోర్టు చేసింది. చెల్లెలు వదిలేసింది తన పగని.

ఇది మనకి కొత్త కూడా కాదు. భాగవతం ప్రథమ స్కంధంలో ద్రౌపదిని గుర్తు తెచ్చుకోండి. నిద్రపోతున్న తన ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేశాడు. భీముడు చంపాల్సిందే అన్నాడు. కడుపుకోత పడ్డ ఆ తల్లి మాత్రం గురుపుత్రుణ్ణి వదిలేయమంది, నాలాగా ఇతని తల్లి కృపి ఏడవకూడదు అంది. చివరికి అర్జునుడు అతని తలలోని మణి తీసుకుని, జుట్టు తీయించి వెళ్లగొట్టాడు. శిక్షా ఉంది, క్షమా ఉంది. పోతనగారి తెలుగులో ఆ ఘట్టం చదవండి, ద్రౌపది కన్నీళ్లు ఆగిపోయాక మాట్లాడలేదు, ఏడుస్తూనే మాట్లాడింది.

నా సంగతి కూడా చెప్తాను. మా నాన్నగారికి రావాల్సిన స్థలం విషయంలో దగ్గరి బంధువు ఒకాయన మోసం చేశారు. కేసు నడుస్తోంది, నడుస్తుంది. నేను దాన్ని వదిలేయను. కానీ కొన్ని నెలలుగా పొద్దున్నే దీపం పెట్టాక ఆయన పేరు ఒకసారి చెప్పి, "స్వామీ, ఆయన్ని కూడా చల్లగా చూడు" అంటున్నాను. మొదట్లో పళ్లు బిగబట్టుకుని అన్నాను. ఇప్పుడు కొంచెం మామూలుగా వస్తోంది. ఆయన మీద ప్రేమ పుట్టిందని అబద్ధం చెప్పను. రాత్రి పడుకున్నాక ఆయనతో మనసులో చేసే గొడవ మాత్రం తగ్గింది. నిద్ర పడుతోంది.

మీ ఇష్టదైవాన్ని మార్చుకోమని చెప్పడానికి ఈ కథ రాయలేదు. వాళ్లు వాళ్ల ఏసయ్య ముందు పెట్టిన బరువుని మీరు మీ రాముడి ముందు, మీ అమ్మవారి ముందు పెట్టండి. కోపం పూర్తిగా పోయేదాకా ఆగొద్దు. ఈ రోజు దీపం పెట్టినప్పుడు ఆ ఒక్క పేరు చెప్పండి. గొంతు పట్టేసినా పర్లేదు, రేపు మళ్లీ చెప్పండి.

శుభం. వచ్చే వారం కలుద్దాం.