పసిబిడ్డ జబ్బు ఎవరి పాపం?

పసిబిడ్డకు మెదడు క్యాన్సర్ అని తెలియగానే పరామర్శకు వెళతాం, సున్నత్ కనుక. వెళ్ళి, ‘ఎవరు చేసిన పాపమో’ అని నిట్టూరుస్తాం. ఒకరి పాపభారం మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ ప్రకటన. యుక్తవయసు రాని బిడ్డ విషయంలో కలమే ఎత్తివేయబడిందని హదీసు. ఇక ఇది ఎవరికి శిక్ష?

మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ చిన్నమెదడులో పుడుతుంది. ఉదయం వాంతులు, తూలే నడక. మూడేళ్ళలోపు బిడ్డకైతే, ఎదిగే మెదడు దెబ్బతింటుందని రేడియేషన్ ఇవ్వడానికి వైద్యులే వెనుకాడతారు. అంత భారం మోస్తున్న తల్లి ఏడిస్తే ‘సబ్ర్ లేదు’ అనడం మేము విన్నాం. పసికందు ఇబ్రాహీం తుదిశ్వాస విడుస్తుంటే దైవప్రవక్త (స) కళ్ళు వర్షించాయి. అది కారుణ్యమని ఆయనే చెప్పారు. ఆనాటి సూర్యగ్రహణాన్ని బిడ్డ మరణానికి ముడిపెట్టినవారిని వారించారు కూడా. మనమేమో జబ్బును పాపానికి ముడిపెడుతున్నాం! ఆ ఇంట్లో మిగిలిన పిల్లలకు వేళకు అన్నం ఎవరు పెడుతున్నారో అడిగామా?