ఎవరి భాషలో చదువు?

పుస్తకాలు అచ్చువెయ్యడం విశ్వవిద్యాలయం పనేనా? పనే అనుకుంటే, ఏ భాషలో, ఎవరి కోసం? ఈ ప్రశ్నకి మన హైదరాబాదులో వందేళ్ళ కిందటే ఒక జవాబు దొరికింది. నా దృష్టిలో అది సగం జవాబు.

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వచ్చింది. తరగతులు మొదలయింది 1919లో. కానీ "దారుల్ తర్జుమా" అనే అనువాద సంస్థని 1917లోనే పెట్టారు. వరస గమనించండి: ముందు పుస్తకాలు, తర్వాత పాఠాలు. మొదట్లో దాన్ని నడిపినవాడు మౌల్వీ అబ్దుల్ హక్. పరిభాష తేల్చడానికి కమిటీలు వేసి చరిత్ర, గణితం, వైద్యం, ఇంజినీరింగు పుస్తకాలు వందల్లో ఉర్దూలోకి తెచ్చారు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నాళ్ళు అక్కడ ఉద్యోగం చేశాడు. దేశభాషల్లో పెద్ద చదువులు కుదరవు అనేవాళ్ళకి ఇంతకన్నా గట్టి సమాధానం ఏముంటుంది?

అయితే సంస్థానంలో ఎక్కువమంది భాష తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడం. తెలుగు తప్ప మరోటి రాని మేడ్చల్ రైతు కొడుక్కి ఇంగ్లీషులాగే ఉర్దూ కూడా బళ్ళో కొత్తగా నేర్చుకోవాల్సిన భాషే. స్వభాషలో చదువు అన్న సూత్రం గొప్పదే. ఆ "స్వ" ఎవరిదన్నదే చిక్కు.

1948 తర్వాత బోధన ఇంగ్లీషుకి మారింది. ఆ పుస్తకాల్లో ఉన్నది రాత్రికి రాత్రే తప్పయిపోలేదు. వాటిని చదివించే పరీక్ష పోయింది, అంతే. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇది మామూలే: కోడ్ శుభ్రంగా ఉంటుంది, దాన్ని పిలిచే ప్రోగ్రామే ఉండదు.

1968లో తెలుగు అకాడమీ వచ్చింది. పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడు. పాఠ్యపుస్తకాలు, పదకోశాలు వేసింది. పోటీపరీక్షలకి చదివే పిల్లలు ఇప్పటికీ అకాడమీ పుస్తకాలు వెతుక్కుంటారు. కారణం మళ్ళీ అదే, పరీక్ష తెలుగులో రాయొచ్చు కాబట్టి.

ఇవాళ శామీర్‌పేట వైపు వెళితే నల్సార్, బిట్స్ కనిపిస్తాయి. రెండింట్లోనూ బోధన ఇంగ్లీషే. "ఉద్యోగాలు ఇంగ్లీషుతోనే కదా" అంటారు. నిజమే, నా జీతమూ అలా వచ్చేదే. కానీ చదువుకి ఉద్యోగం ఒక్కటే ప్రయోజనమైతే విశ్వవిద్యాలయం ఎందుకు, ట్రైనింగ్ సెంటర్ చాలదా? ఆ గేటు బయట ఉన్న మనిషికి తన భూమి తగాదాలో చట్టం ఏమంటుందో అర్థం కావాలి. అది అతని హక్కు.

అలాగని తెలుగులో అచ్చువేసి గోడౌన్లో పేరిస్తే బాకీ తీరదు. చదివినవాడికి ఆ పుస్తకంతో ఎక్కడో ఒకచోట పని పడాలి: పరీక్షలోనో, కోర్టులోనో, ఆఫీసులోనో. ఆ చోటు ఏర్పరచడం కూడా ప్రచురణలో భాగమే. దారుల్ తర్జుమా వాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఆ పాఠం తెలుగుకి ఇంకా పూర్తిగా ఎక్కలేదు.