తాళము తెఱచు విద్యయు, అస్తేయవ్రతమును

తాను వెలయిచ్చి కొన్న తాళమును, చెవి లేకుండ, తన చేతితో చేసికొన్న పనిముట్టుతో తెఱచిన మనుష్యునకు దోషమేమైన అంటునా? ఆ తాళము వెనుక పెట్టె లేదు, పెట్టెలో ధనము లేదు, తలుపున కావల నిద్రించు గృహస్థుడు లేడు. ఉన్నదెల్ల బల్లపై నొక యినుపముద్దయు, దానియెదుట దాని మర్మ మెఱుగగోరిన చిత్తమును మాత్రమే. అయినను ఈ పనిని గూర్చి వినినంతనే సామాన్యుని మనస్సు జంకును. ఆ జంకు ధర్మబుద్ధివలన పుట్టినదా, లేక వట్టి యలవాటుచే పుట్టినదా యని విచారింపవలసియున్నది.

విశాఖపట్టణమునకు ఉత్తరముగ, జాతీయరహదారిపై నున్న ఆనందపురము పూలసంతకు పేరుగన్న యూరు. ఆ యూర నున్న నా మిత్రు డొకడు, ఓడరేవును ఉక్కు కర్మాగారమును నమ్ముకొని బ్రతుకు నీ ప్రాంతమున ఇనుముతో పరిచయము గల యనేకులవలెనే, ఆకురాయి పట్టుటలో నేర్పరి; విరిగిన హాక్సా బ్లేడులను, సైకిలు చువ్వలను అరగదీసి, వంచి, కాల్చి పదునుపెట్టి, తాళములు తెఱచు సన్నని కొక్కెములను చేయును. లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందిన పిన్నుల తాళమునందు, స్ప్రింగులు నొక్కిపట్టు పిన్నుల జంటలన్నియు సరియైన యెత్తున నిలిచినగాని లోని గొట్టము తిరుగదు. అయితే ఎంతటి పనివాడు చేసినను యంత్రమున సూక్ష్మమైన తేడాలుండక తప్పదు గనుక, ఆ పిన్నులు ఒక్కమారుగ గాక యొక్కొక్కటిగ బిగిసికొనును, ఆ బిగువును వ్రేలికొనతో గ్రహించుటయే విద్య. ఇట్టి తాళము లాతని కిపుడు వినోదము గొల్పవు. 1907లో ఫిన్లండు దేశీయుడు ఎమిల్ హెన్రిక్సన్ కల్పించి, పిదప అబ్లోయ్ అను పేర ప్రసిద్ధికెక్కిన తాళమున స్ప్రింగులే లేవు. వరుసగ పేర్చిన పలుచని బిళ్లలు, ఒక్కొక్కటి తనకు నియతమైన కోణమునకు తిరిగి, వాని యంచుల గాట్లన్నియు నొక్కవరుసకు వచ్చినపుడే ప్రక్కనున్న కడ్డీ వానిలో దిగి తాళము వీడును. ఇట్టిదానిని తెఱచు పనిముట్టును తాళము విప్పి, కొలిచి, ఆ కొలతలకు తగినట్లు తానే నిర్మించుకొనుట నా మిత్రుని పద్ధతి. తాళమును తెఱచుటకు ముందే దానిని కల్పించినవాని యాలోచనలో ప్రవేశింపవలసియుండుటయే యిందలి రసము.

పతంజలి యోగసూత్రములలో చెప్పిన యమములైదింటిలో అస్తేయము, అనగా దొంగిలింపకుండుట, మూడవది. శాస్త్రవిరుద్ధముగ పరులనుండి ద్రవ్యమును గ్రహించుట స్తేయమని చెప్పి, ఆ సూత్రములపై వ్యాసభాష్యము అంతటితో నాగక, దాని నిషేధము అస్పృహారూపమని, అనగా కోరికయే లేకుండుటయని, నిర్ణయించెను. ఈ దృష్టితో చూచినచో, చేతికేమియు చిక్కకున్నను పొరుగువాని పెట్టెపై కన్నువేసినవాడు వ్రతభ్రష్టుడు. ఎంత కఠినమైన తాళమును తెఱచినను ఏ వస్తువును గోరనివాడు వ్రతస్థుడు. తెలిసికొనవలెనను కోరికయు కోరికయే గదా యని యొక శంక పొడసూపును. నిజమే, కాని ద్రవ్యము ఒకనిని చేరిన మఱియొకనికి లోపించును, జ్ఞానమట్లు గాదు. తాళపు మర్మము నా మిత్రునకు తెలిసినంతమాత్రమున దాని నిర్మించినవానికి కొఱవడదు. కొఱవడునది మఱొకటి కలదు. దాని నెఱుగుటకు శూద్రకుని మృచ్ఛకటికము నాశ్రయింపవలెను.

ఆ నాటకమున తృతీయాంకమునందు శర్విలకుడను బ్రాహ్మణుడు, తాను వలచిన మదనికను దాస్యమునుండి విడిపించుటకు ధనము గావలసి, చారుదత్తునింట కన్నము వేయును. కొలత్రాడు మఱచివచ్చుటచే యజ్ఞోపవీతముతోనే గోడను కొలువబూని, ఆ సూత్రము తనవంటివానికి గల ప్రయోజనములను లెక్కించుచు, యంత్రముతో బిగించిన తలుపును తెఱచుటకును అది పనికివచ్చునని చెప్పికొనును. పాము కఱచిన వ్రేలిని దానితోనే కట్టుకొనును. చేతికందిన వస్తువును పనిముట్టుగ మార్చుకొను నీ బుద్ధికి సాహిత్యమున నింత స్ఫుటమైన చిత్రమును నేను వేఱొకచోట చూడలేదు. చారుదత్తుడు మేల్కొని ఆ కన్నమును చూచి మొదట దాని నేర్పునకు మెచ్చుకొనును. దొంగ వట్టిచేతులతో పోలేదని విని సంతోషించును గూడ. కాని పోయినది తన సొమ్ము గాదని, తన్ను వలచిన గణిక వసంతసేన నమ్మి దాచిపెట్టిన నగలమూటయని తెలియగానే మూర్ఛిల్లును. దరిద్రుడైన తన మాట నెవ్వరు నమ్ముదురను చింత యాతని క్రుంగదీసినది; ఆ మాటను నిలుపుటకై ఆతని భార్య ధూత తన రత్నావళినే యీయవలసివచ్చెను. బంగారము పోయినది, అంతకంటె మించి, ఒకరిపై నొకరు పెట్టుకొన్న నమ్మకము గాయపడినది.

1997లో జర్మనీదేశమున సంఘముగ నేర్పడినవారు మొదలు నేటి తాళక్రీడాకారులలో శిష్టాచారముగ సాగుచున్న నియమములు రెండు. తనది కాని తాళమును యజమాని యనుమతి లేక తెఱువరాదు. వాడుకలోనున్న తాళమును, అది తనదే యైనను, ముట్టరాదు. మొదటిది ఎల్లరకు సుబోధము. రెండవదానికి, యత్నములో తాళము చెడిపోవచ్చునను యంత్రకారణమొకటి కలదుగాని, ధర్మకారణ మంతకంటె గొప్పది. వాడుకలోని తాళము ఒక్కనిది గాదు. దానిని నమ్మి ఆ యింట నిద్రించు ముసలితల్లియు, ఊరికేగిన తమ్ముడును దానియందు భాగస్వాములే.

యజమాని యనుమతి లేకున్నను సదుద్దేశము చాలునందురా? 13వ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కన కంకితమొనర్చిన దశకుమారచరిత్రమున అపహారవర్మ కథ కలదు. దండి సంస్కృతమూలమున నాతడు ఫణిముఖము, సందంశకము, మానసూత్రము, దీపములార్పు పురుగుల భరిణె మున్నగు పరికరములతో బయలుదేరి, చంపానగరపు లుబ్ధులకు ధనము నశ్వరమని తెలుపుటకే చౌర్యమునకు పూనుకొనును. కథగా నిది రమ్యము. ధర్మముగా నే నంగీకరింపను. అడుగనివానికి బలవంతముగ నొసగిన వైరాగ్యము వానికి నష్టము మాత్రమే.

ఈశావాస్యోపనిషత్తు తొలిమంత్రముననే పరధనము నాశింపవలదని శాసించును. ఆ యుపనిషత్తే పదునైదవ మంత్రమున, సత్యముఖమును కప్పియున్న బంగారుమూతను తొలగింపుమని పూషుని ప్రార్థించును. ఆశింపవలదనుటయు, తెఱువుమనుటయు, పదునెనిమిది మంత్రములలోపల నిమిడియుండుట నా కెల్లప్పుడు విస్మయము గొల్పును. తెఱువగోరుటయే పాపమైనచో ఋషి ప్రార్థింపడు; అట్లని యాతడు మూతను తానై పెకలింపనూ లేదు. ఆనందపురమునకు సమీపమున సింహగిరిపై వరాహ నృసింహస్వామి సంవత్సరమంతయు చందనముచే కప్పబడియుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపదర్శన మొసగును. చందనమును ఒలుచుట చేతులకు కష్టమగు పని కాదు. అయినను అధికారము గలవారే, కాలము వచ్చినపుడే ఒలుతురు, లక్షలకొలది జనులు వేచియుందురు. శక్తికిని అధికారమునకును గల యీ భేదమును తరతరములుగ పాటించుచున్న మా ప్రాంతమువారికి ఆ రెండు నియమములు క్రొత్తవిగ తోచనక్కఱలేదు.

మిగిలిన చిక్కు, తెలిసినదానిని లోకమునకు బయలుపఱచుటను గూర్చినది. లండనులో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళపు మాదిరి నొకదానిని, తెఱచినవారికి 200 గినీలిత్తుమను ప్రకటనతో, ఆతని యంగడి కిటికీయందు దశాబ్దములపర్యంతము ప్రదర్శించిరి. 1851 మహాప్రదర్శన సమయమున అమెరికా దేశీయుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ 16 దినములలో 51 గంటలు శ్రమించి దానిని తెఱచెను. అంతకుముందే చబ్బు అను నిర్మాతల తాళమును అరగంటలోపల తెఱచియుండెను. దొంగలకు దారి చూపెనని కొందఱు నిందింపగా, దొంగ లా విద్యలో ఇదివఱకే ఆరితేరియున్నారని, తెలియక మోసపోవుచున్నవారు గృహస్థులేయని ఆతని పక్షము వాదించెను. నేనును ఆ పక్షమువాడనే. అయితే వ్యాసభాష్యము సత్యమును వివరించుచు, వాక్కు సర్వభూతముల యుపకారమునకై ప్రవర్తింపవలెనని, ప్రాణులకు హాని గావించు పలుకు సత్యమనిపించుకొనదని చెప్పినది. కావున లోపమును కనుగొన్నవాడు మొదట నిర్మాతకు తెలిపి, సరిదిద్దుకొనుటకు గడువొసగి, పిదపనే లోకమునకు చాటవలెను. నిర్మాత లెక్కసేయక అదే తాళము నమ్ముచుండెనేని మౌనము చౌర్యమునకు తోడ్పాటగును. అపుడు కొనువారి నెచ్చరించుటయే ధర్మము. ఆ యెచ్చరికలో సైతము తాళము బలహీనమని చెప్పుట యొకటి, దానిని తెఱచు పనిముట్టు కొలతల నచ్చొత్తించుట మఱొకటి. చిల్లరదుకాణము పెట్టుకొన్నవానికి, తన తలుపునకున్న తాళము పనికిరానిదని తెలిసిన దినముననే క్రొత్తది కొను శక్తి యుండదు; అట్టివారు మార్చుకొనువఱకు ఆ కొలతలు బల్లసొరుగులోనే యుండదగునని నా మిత్రునితో చెప్పితిని, ఆత డందులకు సమ్మతించెను.