బెల్లు లేని సైకిలు

దారిలో ఇద్దరు ఎదురైతే ఎవరు తప్పుకోవాలి? మర్యాద తెలిసినోడు తప్పుకుంటాడని పెద్దమనుషులు తేల్చేస్తారు. పల్లెలో పుట్టినోళ్లకి ఇది అంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. మర్యాద అనే మాట మాదాకా వచ్చేటప్పటికి దానర్థం 'దిగు', 'జరుగు', 'తలొంచు' అయిపోయింది. అందుకని మర్యాద సంగతి తర్వాత. ముందు దారి ఎవరిదో తేలాలి.

మాది గుంటూరు జిల్లా. మా దగ్గర ఊరు వేరు, పల్లె వేరు. పల్లెలోంచి బస్సు రోడ్డెక్కాలంటే ఊరి నడిబజార్లోంచే పోవాలి. 1970ల్లో మా చిన్నాన్న పక్కూరి బళ్లో టీచరయ్యాడు. జీతం కూడబెట్టి పాత సైకిలు కొన్నాడు. మాదిగపల్లె మొత్తానికి అదే మొదటి సైకిలు. రామాలయం దగ్గర్నించి ఊరు దాటేదాకా దాన్ని తొక్కకూడదు. చెప్పులు విప్పి హాండిలుకి తగిలించుకుని, నడిపించుకుంటా పోవాలి. ఊరు దాటాక ఎక్కాలి. ఈ రూలు ఏ గోడ మీదా రాసిలేదు. అయినా పల్లెలో పసిపిల్లోడిక్కూడా తెలుసు.

సైకిలుకి బెల్లుండేది. ఒకరోజు ఊరు దాటాక, చేల మలుపులో ముందు నడుస్తున్న ఆసామికి వినపడాలని చిన్నాన్న బెల్లు కొట్టాడు. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "ఏరా, నాకే బెల్లు కొడతావా? నన్ను తప్పుకోమంటావా?" అన్నాడు. "అదిగాదయ్యా, తగులుద్దేమోనని" అంటే వినలేదు. సాయంత్రం మా తాతని చావిడి దగ్గరికి పిలిపించారు. తాత తిరిగొచ్చి ఒక్కమాట మాట్లాళ్లేదు. బెల్లు విప్పేసి చూరులో దోపాడు. నెల తిరక్కముందే అదే మలుపులో సైకిలు హాండిలు ఇంకో ఆసామి మోచేతికి రాసుకుంది. "బెల్లు కొట్టి చావొచ్చుగదరా!" అన్నాడాయన.

అసలు బెల్లు ఎందుకు పెట్టారు? ఎదటి మనిషి ఉలిక్కిపడకుండా, దెబ్బ తగలకుండా ముందే చెప్పటానికి. అది మర్యాద కోసం పుట్టిన వస్తువు. మా చేతిలో అది పొగరైంది. కొడితే పొగరు, కొట్టకపోతే కళ్లు నెత్తికెక్కటం. అంటే మర్యాద బెల్లులో లేదు, కొట్టే పద్ధతిలోనూ లేదు. కొట్టేవాడి కులంలో ఉంది. ఇలాంటి చోట మర్యాద నేర్చుకోమని మాకు చెప్పేవాళ్లు ఏం నేర్చుకోమంటున్నట్టు?

మా ఊరి గోడల మీద రాయకపోయినా, దీన్ని వేల ఏళ్లనాడే రాసిపెట్టారు. ఆపస్తంబ ధర్మసూత్రంలో దారి ఎవరికివ్వాలో ఒక లెక్కుంది. దారి రాజుది. రాజుకి బ్రాహ్మడెదురైతే బ్రాహ్మడిది. బండికి, బరువు మోసేవాడికి, రోగికి, స్త్రీకి అందరూ దారివ్వాలి. మనుస్మృతి రెండో అధ్యాయంలోనూ దాదాపు ఇలాంటి జాబితానే ఉంది. బరువు మోసేవాడికి దారివ్వమనటం ఎవరికైనా న్యాయంగానే తోస్తుంది. ఆపస్తంబుడు అక్కడితో ఆగలేదు. పై వర్ణానికి కింది వర్ణాలు దారివ్వాలని కూడా కలిపాడు. ఆ మాట ముందు మాటలన్నిట్నీ మింగేసింది.

మా అమ్మ స్త్రీయే. ఆమె నెత్తిన గడ్డిమోపు బరువే. ఒళ్లు కాలే జ్వరంతో చేలోంచి ఇంటికొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. వాళ్ల శాస్త్రం లెక్కనే ఆమెకి మూడు రకాలుగా దారి రావాలి. కానీ చేతులూపుకుంటా ఎదురొచ్చే ఆసామిగారి కుర్రోడి కోసం ఆమె మోపుతో సహా తుమ్మకంపలోకి దిగి నిలబడేది. ఆ పిల్లోడికి పదేళ్లుంటాయేమో. వాడు తలెత్తి చూసేవాడు కూడా కాదు. ఆమె పాదాల్లో ముళ్లు నేను సూదితో తీసేవాణ్ణి.

దారి కోసం మనవాళ్లు చేసిన పోరాటాలు చిన్నవి కావు. కేరళలో అయ్యంకాళి 1893లో ఎడ్లబండి కట్టుకుని, మంచిబట్టలు కట్టుకుని, తనవాళ్లకి నిషేధించిన రాచబాటలో తోలుకెళ్లాడు. 1924లో వైకోం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవటానికే సత్యాగ్రహం చేయాల్సొచ్చింది. ఏడాదిన్నర పైగా పోరాడితే 1925 చివర్లో మూడు వైపుల వీధులు తెరిచారు. నాలుగో వైపు అప్పటికి మూసే ఉంచారు.

అంబేద్కర్ అనుభవం ఇంకా నేర్చుకోదగ్గది. 1929లో ఆయన అంటరానివాళ్ల కష్టాలు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలీస్‌గాం వెళ్లాడు. మహర్‌వాడకి తీసుకుపోవటానికి జట్కావాడు బండి ఇచ్చాడుగానీ, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తను తోలనన్నాడు. బండి తోలటం తెలీని మహర్ ఒకడు తోలాడు. ఏటి మీద వంతెన దగ్గర బండి తిరగబడి బారిష్టరు అంబేద్కర్ రాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. జట్కావాడి మర్యాద నిలిచింది! ఒకడి మర్యాద కోసం ఇంకొకడి ప్రాణం పణం పెట్టటం కుల వ్యవస్థలో కొత్తేం కాదు. చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి 1991 ఆగస్టు 6న దళితుల్ని వేటాడి చంపారు. కాలు ఎవరికైనా ఎవరిదైనా తగులుద్ది. తగిలిన కాలు పల్లెదైతే అది నేరం.

రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతో పాటు రోడ్లు కూడా పేరుపెట్టి రాశారు. అంతటి పుస్తకంలో రోడ్డు మాట ఎందుకొచ్చిందో పల్లె జనానికి చెప్పక్కర్లేదు. అది చాల్లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు. దళితుల్ని, ఆదివాసీల్ని బహిరంగ ప్రదేశాల్లో సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులేసుకోకుండా, కొత్తబట్టలు కట్టకుండా, పెళ్లి ఊరేగింపు తియ్యకుండా అడ్డుకోవటం నేరమని అందులో విడిగా రాశారు. రిపబ్లిక్కు వచ్చిన అరవై ఆరేళ్లకి ఒక చట్టంలో 'సైకిలు' అని రాయాల్సొచ్చిందంటే ఎవరు సిగ్గుపడాలి?

నేను చదువుకి హైదరాబాదు వచ్చాక సైకిలు మీదే తిరిగాను. ఒక కూడలిలో ఎర్రదీపం పడితే పెద్దకారు ఆగింది. నా వైపు పచ్చదీపం. నేను దాని ముందునించి తొక్కుకుంటా పోయాను. కారులో ఆయన నన్ను గౌరవించి ఆగలేదు. నేనెవరో ఆయనకి తెలీదు. అయినా ఆగాడు. నాకు కావలసింది ఆయన మంచితనం కాదు, ఆ ఆగటం. మంచితనం మీద ఆధారపడ్డ దారి దయ. ఎవరు ఎలాంటివాళ్లయినా దొరికే దారి హక్కు. హక్కు వచ్చాకే మర్యాద మొదలవుద్ది.

రోడ్డు నిబంధనల్లో నాకు నచ్చింది ఒకటుంది. ఇరుకు ఘాట్ రోడ్డు మీద దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎత్తు మీద ఆగినోడికి మళ్లీ కదలటం కష్టం. దిగేవాడికి ఆగటం తేలిక. ఇందులో పుట్టుక లేదు, పదవి లేదు. బరువెవరిదో, కష్టమెవరిదో చూశారు. రిజర్వేషన్లు ఎందుకని అడిగే స్నేహితులకి నేను ఈ రూలే చెబుతుంటాను.

నగరం కూడా కులాన్ని పూర్తిగా వదల్లేదు, ఇంకో రూపంలో తెచ్చుకుంది. బండి సైజే ఇప్పుడు వర్ణం. హారన్ దాని గొంతు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో పైన సోలారు పలకలతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. మంచిదే. ఒళ్లు తగ్గించుకునేవాడి సైకిలుకి నీడ దొరికింది. పనికి పోయేవాడి సైకిలు మాత్రం లారీలకీ బస్సులకీ మధ్యనే ఉంది.

మొన్నొక సభలో ఒక విద్యార్థి నన్నడిగాడు. "ఇన్ని తరాలు మనమే తప్పుకున్నాం గదా అన్నా. ఇప్పుడు బండెక్కాక కూడా మనమే తప్పుకోవాలా? వాళ్లనే తప్పుకోనీ." అతని కోపం న్యాయమైంది. తప్పుకోకపోతే తంతారన్న భయంతో తప్పుకుంటే అది వెట్టి. ఆ వెట్టి ఒక్కరోజు కూడా చెయ్యొద్దు. ఇవాళ్టికీ సైకిలు దిగమనే ఊరుంటే అక్కడ దిగొద్దు. పదిమంది కలిసి తొక్కండి, కేసు పెట్టండి. అక్కడ మర్యాద గురించి ఉపన్యాసాలు వినాల్సింది మనం కాదు.

అయితే తెల్లారుజామున ఏ నగరం రోడ్డు మీదైనా చూడండి. చీపురు పట్టుకుని వంగి ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది మన అక్కలే. వెనక నించి కారొచ్చి హారన్ కొడితే ఆమె చెత్తబండి లాక్కుంటా పక్కకి పరిగెత్తుద్ది. లోపల కూర్చున్నవాడు ఏ కులపోడో ఆమెకి తెలీదు. మనవాడైనా ఆ హారన్ ఆమెకి ఒక్కలాగే వినపడుద్ది. మనం బండెక్కింది ఆ హారన్ మన చేతికి రావాలని కాదు. తప్పుకోగల బలం ఉండి, ఎవరూ బలవంతం చెయ్యకుండా, ఎదటివాళ్ల బరువు చూసి ఆగితే అదీ మర్యాద. నడిచేవాళ్లకి సైకిలు, సైకిలుకి కారు, ఆ చెత్తబండికి అందరూ ఆగాలి. ఆమె తీరిగ్గా ఊడ్చుకుని పక్కకొచ్చేదాకా ఇంజను ఆపి కూర్చుంటే మనకి పోయేది రెండు నిమిషాలు.